గాలి పీల్చే చోటు

రోహిణీ కార్తెలో, జగ్గయ్యపేటలో, మిట్టమధ్యాహ్నం పూట తాను మెలకువగా ఉన్నానని చెప్పే మనిషిని నేను నమ్మను. ఆ ఎండకు మా ఊళ్లో రాళ్లే కునుకు తీస్తాయి, మనుషులెంత! అన్నాలు కాగానే నేను వంటింటి బండల్ని తడిగుడ్డతో ఓసారి తుడిచి, అక్కడే చెంగు పరుచుకుని వాలిపోయేదాన్ని. అది నిద్రా కాదు, మెలకువా కాదు. కళ్లు మూతపడేవి గానీ చెవులు మాత్రం తెరుచుకునే ఉండేవి.

మా ఇంటి ముందుభాగమంతా ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు. వెనక రెండు గదుల్లో మేము. మధ్యన ఒక రేకు తలుపు. ఆ తలుపు సందుల్లోంచి పానాల చప్పుడు, డీజిల్ వాసన, మా ఆయన సలీం దగ్గు, అన్నీ కలగలిసి నా కలల్లోకి వచ్చేసేవి. ఒకసారి కలలో నా పెళ్లే మళ్లీ జరుగుతోంది, బ్యాండు మేళం బదులు ట్రాక్టర్ ఇంజన్ మోగుతోంది. లేచి చెబితే మా అత్తమ్మ సర్దార్‌బీ పొట్ట పట్టుకుని నవ్వింది.

"నీ కలల్లోకి కూడా వాడి బండ్లేనా! నీకు వేరే కలలే రావంటే పిచ్చిమొద్దా?"

నాకు ఆ కలలే బాగుండేవి. ఏ బండి వచ్చిందో చూడకుండానే చెప్పేదాన్ని. ఇది చిల్లకల్లు వాళ్లది, దీనికి సైలెన్సర్ కన్నం పడింది. ఇది పెనుగంచిప్రోలు బండి, స్టార్ట్ కావడానికి ముందు మూడుసార్లు మూలుగుతుంది. ఎవరితోనూ అనేదాన్ని కాదు. నాలో నేనే ఆడుకునే ఆట అది.

ఆ ఏడు రోహిణిలో నా కలల్లోకి కొత్త చప్పుడొకటి వచ్చింది. సన్నగా, పసిపిల్ల ఏడ్చి ఏడ్చి అలిసిపోయాక తీసే రాగంలా ఉండేది. మొదటిరోజు నిజంగానే ఎవరి పిల్లో ఏడుస్తోందనుకుని లేచి వీధిలోకి చూశాను. వీధిలో పిల్లా లేదు, పిట్టా లేదు. షెడ్డులో మాత్రం పాత ఎర్ర ట్రాక్టర్ ఒకటి గుడగుడలాడుతూ ఉంది. ఏడుపు దాని పొట్టలోంచి వస్తోంది.

ఆ బండి వేదాద్రి దగ్గర పొలాలున్న వరప్రసాదరావు గారిది. ఆయన వాళ్ల నాన్న కొన్న బండి. అప్పుడు బాగుచేసింది మా మామ, ఇప్పుడు మా ఆయన. వరప్రసాదరావు గారు కొడుకుల్ని కూడా అంత మురిపెంగా చూసుకోడేమో, దాని మీద దుమ్ము పడితే కండువాతో తుడిచే రకం. నోరు మాత్రం పెద్దది.

"సలీమూ, లిఫ్ట్ లేవట్లేదయ్యా," అన్నాడు. "గొర్రు తగిలిస్తే జ్వరమొచ్చినోడిలాగా ఒణుకుతా ఓ జానెడు లేస్తది, మళ్లీ కూలబడిపోద్ది. పైగా ఎక్కడ చూసినా నూనె కారటమే. నేల మీద ముగ్గేసినట్టు కారతంది. మృగశిరలో వాన పడితే పత్తి గింజ పెట్టాలి. ఏం చేస్తావో చెయ్యి."

ట్రాక్టర్ వెనకాల గొర్రును పైకెత్తి దించేదే లిఫ్ట్. అది లేవకపోతే బండి మలుపు తిరగలేదు, చాలు దున్నలేదు, ఇక బండెందుకు? సలీం మొత్తం విప్పాడు. లిఫ్ట్ మూత ఎత్తి, పిస్టన్‌కు నూనె కారనివ్వని కొత్త రబ్బరు ఓ-రింగు వేశాడు. నూనె కారే చోటల్లా ప్యాకింగులు మార్చాడు. లోపలి నూనె పాలలాగా నురగ కట్టి ఉంటే, వరిమడిలో దమ్ము చేసిన బండి కదా, లోపలికి నీళ్లు పోయి ఉంటాయని అదంతా వంపేసి కొత్త నూనె పోశాడు. ఆ రోజుల్లో మా ఇంటి నిండా ఆ నూనె వాసనే. అత్తమ్మ ఎప్పట్లాగే రేకుడబ్బాలోని ఓ-రింగులన్నీ ఒడిలో పోసుకుని, సైజులవారీగా తీగకు గుచ్చి పెట్టింది. మామ ఉన్నప్పటి నుంచీ షెడ్డు పనుల్లో ఆమె చేసేది అదొక్కటే. నల్లటి రబ్బరు రింగుల దండలు రేకు తలుపుకు ఇవతల, ఇంటివైపు గోడకు వరసగా వేలాడేవి.

చివర్న సలీం పొడుగాటి స్క్రూడ్రైవర్ తీశాడు. కొనను పంపుకు ఆనించి, పిడిని చెవి కింద ఎముకకు ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. మామ నేర్పిన పద్ధతి అది. సలీం చెవి పెట్టి చూశాడంటే ఇక అనుమానం అక్కర్లేదని పేటలో అందరూ అనేవాళ్లు.

"పంపు నిక్షేపంలా ఉందండీ," అన్నాడు. "తోలుకెళ్లండి."

బండి వెళ్లిపోయింది. ఏడుపు కూడా దాంతోపాటే రోడ్డు చివరిదాకా వెళ్లి, మలుపు తిరిగి వినపడకుండా పోయింది. ఇదేంటి, ఏడుస్తున్నదాన్ని అట్లాగే పంపేశాడని నాకు అనిపించింది. ఆయనకు తెలియకుండా ఉంటుందా, పాతబండి కదా, అంతేనేమోలే అని ఊరుకున్నాను.

ఊరుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. నేను అలిగి ఉన్నాను.

మా పెళ్లైన కొత్తలో నేను టీ పట్టుకుని షెడ్డులోకి వస్తే, సలీం ఇంజన్‌లోంచి తల కూడా తియ్యకుండా, "అక్కడ పెట్టు తబస్సుం" అనేవాడు. ఎట్లా తెలిసిందంటే, "నీ గాజులు చెప్పినయ్" అనేవాడు. ఆ ఒక్క మాట కోసం నేను చేతినిండా మట్టిగాజులు వేసుకునేదాన్ని. ఈమధ్య ఏమైందో, వెనకాల నిలబడి ఎంతసేపున్నా తల తిప్పడు. పిలిస్తే పలకడు. మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడతాడు. కుక్కర్ కూతలు వేసి వేసి పప్పు మాడిపోతున్నా, పక్కనే కూర్చుని గోళ్లలో గ్రీజు తీసుకుంటూ ఉంటాడు. నా మీద ఇష్టం తగ్గిందేమోనని నాకు దిగులు పట్టుకుంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నందిగామ వెళ్లినప్పుడు ఇంకో రెండు డజన్ల ఆకుపచ్చ గాజులు కొనుక్కుని మోచేతుల దాకా వేసుకొచ్చాను. ఆయన ముందు నుంచి గలగలలాడించుకుంటూ అటూ ఇటూ తిరిగాను. అత్తమ్మే విసుక్కుంది.

"ఏందే ఆ గోల, గంగిరెద్దు లాగా!"

సలీం మాత్రం తల ఎత్తలేదు.

ఎర్ర ట్రాక్టర్ మళ్లీ వచ్చింది. లిఫ్ట్ అంతే. ఇంకోసారి విప్పాడు, ఇంకో ఓ-రింగు మార్చాడు, పంపేశాడు. మృగశిర వచ్చింది. ఒక సాయంత్రం కృష్ణ మీదుగా మబ్బు లేచి, దుమ్ము లేపి, మంచి వాన కొట్టింది. ఊరంతా తడిమట్టి వాసన. ఆ మర్నాడే వరప్రసాదరావు గారు చొక్కా నిండా బురదతో మళ్లీ షెడ్డు ముందు బండి ఆపాడు. ఈసారి కండువాతో దుమ్ము తుడవలేదు.

"చుట్టూ అందరూ దున్నేస్తన్నారయ్యా! నేను మాత్రం గట్టు మీద కూర్చుని చూస్తన్నా. మీ నాన్న మొహం చూసి ఇన్నాళ్లు ఆగా. రేపు పొద్దున వచ్చి నందిగామ తోలుకెళ్తా, అక్కడ చేయించుకుంటా. ఏమనుకోమాక."

ఆ బండి నందిగామ పోయిందంటే పేటంతా తెలుస్తుంది. ఆ తర్వాత మిగతా బండ్లూ ఆ దారే పడతాయి.

దీపాలు పెట్టే వేళకు పెరట్లో చాప వేసుకుని ముగ్గురం అన్నానికి కూర్చున్నాం. వానకు తడిసిన రేకుల మీంచి ఇంకా ఒకటీ అరా చుక్కలు పడుతున్నాయి.

"నేనీ పని మానేస్తా అమ్మా," అన్నాడు సలీం. "సిమెంటు ఫ్యాక్టరీలో లారీలకి డ్రైవర్లు కావాలంటన్నారు. పోతా."

"ఏం మాటలురా అయ్యి! మీ నాన్న చేతుల్తో కట్టిన షెడ్డు."

"నాన్నయితే రోగం ఎక్కడుందో చెప్పేవాడు. నాకు అంతుపట్టట్లా. విప్పిందే విప్పా, మార్చిందే మార్చా. పంపు చూస్తే బానే ఉంది, చప్పుడే లేదు."

నాకు నవ్వొచ్చింది. "చప్పుడు లేకపోవటం ఏంటండీ! అది అట్టా ఏడుస్తా ఉంటే?"

"ఏది?"

"ఆ పంపే. ఈ... అంటా సన్నగా రాగం తీస్తదే. లిఫ్ట్ ఎత్తినప్పుడల్లా ఇంకా ఎక్కువైద్ది. మొదటిరోజు నుంచీ అంతేగా. మీకు తెలిసిందేగా అని నేను ఊరుకున్నా."

సలీం చేతిలో ముద్ద కంచంలోనే పెట్టేశాడు. నా వంకే చూస్తున్నాడు.

"ఇప్పుడు వినపడుతుందా?"

"ఇప్పుడు బండి ఆగి ఉందిగా. ఇప్పుడు మీ ఫోన్ మోగుతోంది."

ఆయన చొక్కా వెనకాలే మేకుకు వేలాడుతోంది. జేబులో ఫోన్ అంతసేపటి నుంచీ మోగుతూనే ఉంది. ఆయన వెనక్కి తిరగలేదు. నన్నే చూస్తూ ఉన్నాడు. అత్తమ్మ లేచి వెళ్లి, చెయ్యి తుడుచుకుని, ఫోన్ ఆపి వచ్చి మళ్లీ కూర్చుంది.

"కూర వేసుకో నాయనా," అంది.

కుక్కర్ కూతలు, పిలిస్తే పలకకపోవడం, ఉలికిపాట్లు, నా ఆకుపచ్చ గాజులు, అన్నీ ఒక్కసారే నా ముందుకొచ్చి నిలబడ్డాయి. నా అలకంతా ఏమైపోయిందో తెలియదు. ఇష్టం పోలేదు, చెవి పోయింది. ఆ మాట అనుకోగానే నాకు సంతోషమూ, ఏడుపూ రెండూ కలిసి వచ్చాయి. అట్లా సంతోషపడినందుకు నామీద నాకే అసహ్యం వేసింది.

తెల్లవారగానే నేనే షెడ్డులోకి వెళ్లాను. సలీం బండి స్టార్ట్ చేసి, లిఫ్ట్ లివర్ పైకి లాగాడు. ఇంజన్ గుడగుడల కింద నుంచి ఆ సన్నపాటి ఏడుపు మొదలైంది. నేను తల ఊపాను. ఆయన స్క్రూడ్రైవర్ నా చేతికి ఇచ్చాడు. పిడి చెవికి ఆనించుకున్నాను గానీ, చెయ్యి కదిలినప్పుడల్లా నా గాజుల గోలే.

"అవి తీసెయ్," అన్నాడు. "ఫ్యాను పక్కనే తిరుగుతోంది. ఇరుక్కుంటే చెయ్యే పోద్ది."

సబ్బు రాసుకుని ఒక్కొక్కటే తీసి, గోడ మేకుకు తగిలించాను. వెనక్కి తిరిగేసరికి తలుపులో అత్తమ్మ నిలబడి ఉంది. చేతిలో టీ గ్లాసులున్నాయి.

"తొడుక్కోవే! మొగుడు ఎదురుగా నిలబడి ఉండగా బోసిచేతులేందే! ఈ ఇంటికి నా చేతులు చాల్లేదా?"

మామ పోయినప్పటి నుంచీ ఆమె చేతులకు ఏమీ లేవు. ఆ సంగతి నేను ఎప్పుడూ అంత దగ్గరగా చూడలేదు. ఆమె గ్లాసులు అక్కడ పెట్టేసి లోపలికి వెళ్లిపోయింది. సలీం ఒక్క క్షణం ఆ తలుపు వంక చూసి, మళ్లీ లివర్ లాగాడు.

ఏడుపు ఎక్కడి నుంచో చెప్పడం అంత తేలిక కాదు. ఇనుములో చప్పుడు నీళ్లలో రంగులాగా అంతటా పాకుతుంది. పంపు మీద పెడితే పంపులోనే ఉన్నట్టుంది, గొట్టం మీద పెడితే గొట్టంలోనే. అప్పుడు సలీం నూనెడబ్బా తీసుకున్నాడు.

"పంపు ఏడుస్తోందంటే నూనెతో పాటు గాలి కూడా మింగుతున్నట్టే, అందుకే నూనె నురగ కట్టింది, లిఫ్ట్ లేవట్లా. నేను ఒక్కొక్క అతుకు మీదా నూనె పోస్తా. గాలి పీల్చే చోటైతే, గాలి బదులు నూనె పీల్చుద్ది. అప్పుడు ఏడుపు ఆగాలి. నూనె కారే చోటు నాకు కనపడుద్ది గానీ, గాలి పీల్చే చోటు కనపడదు. వినాల్సిందే. నువ్వు విను."

నేను కళ్లు మూసుకున్నాను. ఆ క్షణంలో నేను వంటింటి బండల మీదే పడుకుని ఉన్నట్టుంది. అదే డీజిల్ వాసన, అదే గుడగుడ, రోజూ వచ్చే కలే. కాకపోతే ఈసారి కలలో ఆయన నాకు ఎదురుగా కూర్చుని నా మొహం చూస్తున్నాడు. ఆయన ఒక అతుకు మీద పోశాడు. ఏడుస్తూనే ఉంది. ఇంకో అతుకు. ఏడుస్తూనే ఉంది. పంపు వెనకాల, నూనె గొట్టం వచ్చి పంపుకు కలిసే చోట పోశాడు.

ఆగిపోయింది.

అన్ని రోజులుగా నా నిద్రలో ఏడ్చిన పిల్ల నిద్రపోయినట్టు ఆగిపోయింది. నేను నోరు తెరిచి చెప్పేలోపే సలీం నా మొహం చూసి తల ఊపాడు. పోసిన నూనె అయిపోగానే మళ్లీ మొదలైంది. మళ్లీ పోశాడు, మళ్లీ ఆగింది. మాకిద్దరికీ ఆటలాగా అయిపోయింది. నూనె కొంగు మీద పడుతున్నా నాకు పట్టలేదు.

"ఏంది సలీమూ, మీ ఆవిడ చేత వైద్యం చేయిస్తన్నావా?"

గుమ్మంలో వరప్రసాదరావు గారు. బండి తోలుకెళ్లడానికి వచ్చేశాడు. సలీం ఇంజన్ ఆపాడు.

"మా ఆవిడే కనిపెట్టిందండీ. కాసేపు కూర్చోండి."

ఆయన కూర్చోలేదు. సలీం భుజం మీంచి తొంగిచూస్తూ నిలబడ్డాడు. అతుకు బోల్టులు ఊడదీసి గొట్టం పక్కకు తిప్పేసరికి, ఓ-రింగు ఉండాల్సిన గాడిలో నల్లగా, జిగురుగా, ఉబ్బిపోయిన ముక్క ఒకటి కనిపించింది. సలీం గోటితో పెకిలించి అరచేతిలో వేసుకున్నాడు.

"ఇది సైకిల్ ట్యూబు ముక్కండీ. ఎవరు పెట్టారు ఇక్కడ?"

వరప్రసాదరావు గారు మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. కాస్సేపు బండి వంక చూశాడు, కాస్సేపు మబ్బు వంక చూశాడు.

"కిందటేడు దమ్ముల్లో ఈ గొట్టం ఊడి, రింగు పోయిందయ్యా. మోకాలిలోతు బురదలో ఓ-రింగు ఎక్కడ దొరుకుద్ది? మా పాలేరు సైకిల్ ట్యూబు గుండ్రంగా కత్తిరించి, నేనే పెట్టా. బానే నడిచింది, మర్చిపోయా."

"చెప్పాలి కదండీ మరి!"

"గుర్తొచ్చినా చెప్పేవాణ్ణి కాదులే. నువ్వు తిడతావు." ఆ మాట అని ఆయనే ముందు నవ్వాడు. ఆ తర్వాత నా వంక తిరిగి, ఈసారి నవ్వకుండా, "ఏమ్మా, నీకు ఇంట్లోకి వినపడిందా ఇది?" అన్నాడు.

"నిద్రలో కూడా వినపడిందండీ," అన్నాను.

కొత్త ఓ-రింగు వేసి, నూనె మార్చి, గొర్రు తగిలించి లివర్ లాగేసరికి సన్నగా చినుకులు మొదలయ్యాయి. గొర్రు ఒణకలేదు. నేల మీంచి నెమ్మదిగా, బద్ధకంగా ఒళ్లు విరుచుకుంటున్నట్టు లేచి, పైన నిలబడింది. సలీం ఇంజన్ కూడా ఆపేశాడు. దిగుతుందేమోనని ముగ్గురం చూస్తూ ఉన్నాం. వాన గొర్రు కర్రుల మీద పడి జారుతోంది. అది మాత్రం దిగలేదు. కింద నేల మీద నూనె చుక్క లేదు, వాన చుక్కలే.

"ఏమంటోంది?" అన్నాడు సలీం.

"ఏమీ అనట్లేదండీ."

వరప్రసాదరావు గారు కండువా తీసి, వానలో తడుస్తున్న బండినే తుడవడం మొదలుపెట్టాడు.

బండి వెళ్లిపోయింది, దాని పత్తి అది పెట్టుకుంది. నేనూ సలీం మాత్రం బస్సెక్కి నందిగామలో చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఏళ్ల తరబడి ఇంజన్ల పక్కన ఉన్న చెవికి ముందు పోయేవి సన్నటి చప్పుళ్లేనని, పోయినవి తిరిగి రావని, ఉన్నవి కాపాడుకోమని ఆయన చెప్పాడు. చెవికి మిషన్ పెట్టుకోవచ్చన్నాడు. ఇంట్లో మాటలకు అది బాగానే పనికొచ్చింది. షెడ్డులో మాత్రం సుత్తిదెబ్బలు తలలోనే పడుతున్నట్టుందని సలీం తీసి జేబులో వేసుకునేవాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాం. అద్దాల మీద వాన. హైవే మీద లారీలు తెల్లటి పొగమంచులోకి పోతున్నట్టు పోతున్నాయి.

"ఇప్పుడు ఏమేం వినపడుతున్నయ్?" అన్నాడు మెల్లగా.

నేను కళ్లు మూసుకుని ఆయన చెవిలో చెప్పాను. ముందు సీటులో పిల్లదాని పట్టీలు. కండక్టర్ విజిల్. కిటికీ రబ్బరు ఊడి గాలికి కూస్తోంది. ఎవరి సంచిలోనో కోడిపిల్లలున్నాయి, కీచుకీచుమంటున్నాయి.

"కోడిపిల్లలా! ఈ బస్సులోనా?" అని ఆయన వెనక్కి తిరిగి వెతికాడు. కనపడేసరికి చిన్నపిల్లాడిలా నవ్వాడు. పేట వచ్చేదాకా నేను చెబుతూనే ఉన్నాను.

"షెడ్డులోకి నువ్వు రా," అన్నాడు బస్సు దిగాక. "రోజూ. లేకపోతే నా వల్ల కాదు తబస్సుం. నిజంగానే లారీకి పోవాల్సిందే."

వస్తానన్నాను. అడిగితే చాలని ఎదురుచూస్తున్నదాన్నే. అయితే అత్తమ్మ ఉంది. ఆ పొద్దుటి నుంచీ ఆమె నాతో అన్నానికి పిలవడానికి తప్ప మాట్లాడలేదు. షెడ్డు తలుపు దాకా కూడా రాలేదు.

ఆరుద్ర వచ్చింది. షెడ్డు ముందు బండ్లు బారులు తీరాయి. ఒక ఉదయం నేను రేకు తలుపుకు ఇవతలే గాజులు తీసి మేకుకు తగిలిస్తుంటే, వెనక నుంచి అత్తమ్మ పిలిచింది.

"ఇట్టా రా. చెయ్యి ఇటియ్యి."

నేను భయపడుతూనే చాచాను. ఆమె గోడ మీది తీగ దండ దించి, పెద్ద సైజు ఓ-రింగులు ఒక్కొక్కటే పైకెత్తి వెలుతురులో చూసింది, నందిగామ కొట్లో నేను గాజులు ఏరినట్టే. లిఫ్ట్ పిస్టన్‌వి ఒక నాలుగు ఏరి, కొంగుతో తుడిచి, రెండు చేతులకూ రెండేసి తొడిగింది. కాస్త వదులుగా ఉన్నాయి. ఒకదాన్ని పట్టుకుని లాగి చూసింది.

"ఫ్యానులో పడితే ఇదే తెగిపోద్ది, చెయ్యి పోదు. బోసిగా మాత్రం ఉండమాక. చూళ్లేను నేను," అంది. నా చేతులు ఇంకాసేపు పట్టుకుని, వదిలేసి, లోపలికి వెళ్లిపోయింది.

నేను అట్లాగే షెడ్డులోకి వెళ్లాను. సలీం ఇంజన్‌లోంచి తల ఎత్తి, నా చేతుల వంక చూశాడు. అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. దగ్గరికి వచ్చి, గ్రీజు వేళ్లతో నా మణికట్టు పట్టుకుని, చెవి దగ్గరికి తీసుకెళ్లి ఆడించాడు. ఇంకోసారి ఆడించాడు.

"చప్పుడు రావట్లా," అన్నాడు, కాస్త అనుమానంగా నా మొహంలోకి చూస్తూ.

"నాకూ వినపడట్లేదండీ," అన్నాను.